సెంటీమీటరుకో నెల

జనవరి 20, 2025

ఈ రోజు నుంచి నేను మా యూనివర్సిటీ రియాక్టర్‌కి ఔట్‌రీచ్ ఇన్‌ఛార్జిని. పీహెచ్‌డీ మూడో ఏడు నడుస్తోంది, చేతిలో ఒక్క పేపరు లేదు, దానికి తోడు ఇదొకటి. మా గైడ్ వెంకటరామయ్య గారు ఎంతో మర్యాదగా అంటగట్టారు. రసజ్ఞా, నీకు నోరుంది కదమ్మా, జనానికి రియాక్టర్ గురించి నువ్వయితేనే చెప్పగలవు అన్నారు. పొగిడారో తిట్టారో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

రీసెర్చ్ కూడా ఖరారయింది. క్యాంపస్ గోడ అవతల గోపన్‌పల్లి పాత ఊరుంది. అక్కడి బోరు నీళ్ల మీద ఎప్పటి నుంచో అనుమానం. ఆ ఊరి ఆడవాళ్ల జుట్టు తెచ్చి, రియాక్టర్‌లో పెట్టి, అందులో పాదరసం ఉందో లేదో చూడాలి. ఒంట్లోకి పోయిన పాదరసం కొంత జుట్టులో చేరి అక్కడే ఉండిపోతుంది. రియాక్టర్‌లో పెడితే దానికి కొన్నాళ్లపాటు రేడియోధార్మికత అంటుకుంటుంది. బయటికి తీసి డిటెక్టర్ ముందు పెడితే దాచుకోలేదు. ఈ సంగతి ఎన్నిసార్లు చదివినా నాకు ముచ్చటగానే ఉంటుంది.

ఫిబ్రవరి 2

మణికొండలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌లో నా మొదటి ఔట్‌రీచ్. మా రియాక్టర్ కరెంటు తయారు చేయదండీ, చదువుకోడానికే, అది పూర్తిగా నడిచినప్పుడు పుట్టే వేడి మన సెల్లార్‌లో జనరేటర్ వేడంత కూడా ఉండదు అని చెప్పాను. స్లైడ్లు చూపించాను. చివర్లో ప్రశ్నలున్నాయా అంటే ఒకే ఒక్క అంకుల్ చెయ్యెత్తారు. దీనివల్ల మన ఫ్లాట్ రేటు పడుతుందా అని అడిగారు.

వెనక కుర్చీలో కూర్చుని మా అక్క భానుశ్రీ చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వింది. అక్కది ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో హెచ్‌ఆర్ ఉద్యోగం. ఈ ఫ్లాటులో మేమిద్దరమే. వంట నాది, విమర్శ దానిది. ఈ మధ్య మొహం తేటపడి మెరిసిపోతోంది. ట్యాంకర్ నీళ్లతో కూడా అంత కళ ఎలా వస్తుందో!

ఫిబ్రవరి 11

ఛీ. ఛీ. నాకు బుద్ధి లేదు.

కవర్లు, కత్తెర పట్టుకుని గోపన్‌పల్లి పాత ఊళ్లోకి వెళ్లాను. ఒకే వీధిలో ముగ్గురు భాగ్యమ్మలున్నారు. కలిసిపోకుండా కవరు మీద పేరు, వయసు, తల్లి పేరు రాద్దామని నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. జుట్టు కొంచెం కుదుళ్ల దగ్గర కత్తిరించి ఇవ్వండి, అలాగే మీ అమ్మ పేరు చెప్పండి అన్నాను. మొదటింటి ఆవిడ తలుపేసేసింది. రెండో ఇంటావిడ పిల్లల్ని లోపలికి లాగి తలుపేసింది. మూడో ఇంటికి వెళ్లేసరికి వీధిలో ఒక్క తలుపు తెరిచి లేదు.

మా రియాక్టర్ ఆపరేటర్ నరేందర్ ఆ ఊరివాడే. చెప్తే కంట్రోల్ రూమ్‌లో కుర్చీ పట్టుకుని నవ్వాడు. మేడం, పేరు, తల్లి పేరు, ఎంటికలు, బాణామతి చేసెటోళ్లు గూడ గివే అడుగుతరు, గోర్లు గూడ అడిగినవా ఏంది అన్నాడు.

అడిగాను. గోళ్లు కూడా అడిగాను.

ఫిబ్రవరి 12

ఊరి వాట్సాప్ గ్రూపులో నా ఫొటో తిరుగుతోందట. జాగ్రత్త అని కింద రాశారట.

ఫిబ్రవరి 19

నరేందర్ తన పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఈవిడ కూడా భాగ్యమ్మే. గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను కింద నుంచి పైదాకా చూసింది. స్టీలు గిన్నెలోడు వస్తే ఎంటికలకు గిన్నెన్న ఇస్తడు, నువ్వేమిస్తవు బిడ్డా అంది. ఏమీ ఇవ్వలేను, మీ నీళ్లు మంచివో కావో చెప్తాను అన్నాను. నీళ్లు మంచియి కావని మాకు ఎరుకనే అంది.

కాసేపు గింజలు తీసింది. తర్వాత ఒక బేరం పెట్టింది. నాయి నీకిస్త, నీయి నాకియ్యి, మీ అమ్మ పేరు గూడ చెప్పు, నాకేమన్న అయితే నీయి నా దగ్గర ఉంటయి అంది. కత్తెర తీసి నా జుట్టు కత్తిరించి ఇచ్చాను. మా అమ్మ పేరు జయలక్ష్మి, ఊరు తణుకు అని కూడా చెప్పాను. చీర కొంగున ముడేసుకుంది. అప్పుడు తల వంచి, జర నిమ్మలంగ కొయ్యి అంది.

నేను లేచేసరికి పక్కింటివాళ్లు నలుగురు వాకిట్లో నిలబడి ఉన్నారు. పనిలో పనిగా నా జుట్టు కూడా ఒక శాంపిల్‌గా పెట్టుకున్నాను.

మార్చి 8

విమెన్స్ డే. యూనివర్సిటీ బస్సులో గోపన్‌పల్లి ఆడవాళ్లు రియాక్టర్ చూడ్డానికి వచ్చారు. ముప్పై మందికి పైనే. నీళ్ల తొట్టి అడుగున నీలం వెలుగు చూపించగానే మాటలన్నీ ఆగిపోయాయి. మామూలుగా వచ్చే ఇంజనీరింగ్ పిల్లలు కూడా అక్కడ అలాగే ఆగిపోతారు, తర్వాత సెల్ఫీకి ఎగబడతారు. వీళ్లు వంగి చూస్తూనే ఉన్నారు.

గా నీళ్లల్ల చాపలేస్తె బతుకుతయా అని అడిగింది భాగ్యమ్మ. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు! పైన వేస్తే రేడియేషన్ వల్ల చావదు పెద్దమ్మా, నీళ్లను అంత శుభ్రం చేస్తాం కాబట్టి తినడానికి ఏమీ దొరక్క ఆకలితో చస్తుంది అన్నాను. అయ్యో పాపం అంది. సాయంత్రం దాకా ఆ లేని చేప గురించి ఆలోచిస్తూనే ఉన్నాను.

ఏప్రిల్ 6

పోల్చి చూడ్డానికి ఊరి బోరు నీళ్లు తాగని వాళ్ల జుట్టు కావాలి. అంటే కంట్రోల్ శాంపిల్స్. మణికొండ స్నేహితులు అడగ్గానే ఇచ్చారు, ఒక్కరికీ ఏ అనుమానమూ లేదు. అక్క మాత్రం పార్లర్‌లో అడిగినట్టు వెనక నుంచి తియ్యి, లోపల నుంచి తియ్యి, కనిపించకూడదు అని నానా హింస పెట్టింది.

మే 14

తొట్టి నీళ్లను చల్లబరిచే చిల్లర్ చెడిపోయింది. రియాక్టర్ బంద్. విడిభాగానికి టెండర్ పిలుస్తారట.

జూన్ 22

అక్క ఆఫీసు చెప్పులు పట్టడం లేదని కొత్తవి కొనుక్కుంది. వారం తిరిగేసరికి అవీ పట్టడం లేదు. మడమ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి, అలాగే ఉంటోంది. రోజంతా కూర్చునే ఉద్యోగం కదా అని కొట్టిపారేస్తోంది. పొద్దున్న కళ్ల కింద కూడా ఉబ్బు. నాకు నచ్చలేదు.

జూలై 9

యూరిన్‌లో ప్రోటీన్ పోతోంది. బాగా పోతోంది. డాక్టర్ కిడ్నీ స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్లమన్నారు. అక్కకి ముప్పై ఏళ్లు.

ఆగస్టు 3

బయాప్సీ రిపోర్ట్ వచ్చింది. కిడ్నీలో జల్లెడ లాంటిది దెబ్బతిని ప్రోటీన్ కారిపోతోందట. ఎందుకు వచ్చిందో చెప్పలేమమ్మా, కొందరికి ఊరికే వస్తుంది అన్నారు డాక్టరు గారు. ఊరికే ఏమిటి? నాకు ఒళ్లు మండింది. నాటు మందులు, భస్మాలు, లేహ్యాలు ఏమైనా వాడారా అని గుచ్చి గుచ్చి అడిగారు. లేదండీ అంది అక్క. నిజమే, తలనొప్పి మాత్ర వేసుకోడానికే వంద ఆలోచిస్తుంది.

డిసెంబర్ దాకా మాత్రలతో చూద్దాం, తగ్గకపోతే గట్టి మందు మొదలుపెట్టాలి, దాని బాధలు దానికుంటాయి అన్నారు. డయాలిసిస్ అనే మాట ఆయన అనలేదు. లిఫ్టులో అక్కే అంది.

తణుకు ఫోన్ చేస్తే అమ్మ ఏడ్చింది. మొక్కులు మొక్కింది. ఉప్పు తగ్గించవే అంది.

ఆగస్టు 29

రియాక్టర్ మళ్లీ నడుస్తోంది. ముందు గోపన్‌పల్లి శాంపిల్స్ చూశాను. పాదరసం దాదాపు లేదు. నీళ్లలో ఇంకేమున్నా ఇది మాత్రం లేదు. నేను సంతోషించాలి. సార్ మొహం చూస్తే మాత్రం ఇందులో పేపరు లేదని అర్థమైంది. భాగ్యమ్మకి చెప్తే, గట్లయితే నా ఎంటికలు మంచియేనన్నట్టు అంది, నా జుట్టు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

అక్టోబర్ 1

ఆయుధ పూజ. నరేందర్ ఏటా లాగే కంట్రోల్ ప్యానెల్‌కి, పంపులకి, క్రేన్‌కి, డిటెక్టర్ మీది సీసం మూతకి పసుపు కుంకుమ పెట్టాడు. శాంపిల్స్ పెట్టే ర్యాక్‌కీ పెట్టాడు. గేటు దగ్గర గుమ్మడికాయ కొట్టాడు. సేఫ్టీ ఆఫీసర్ గారు రూలు ప్రకారం వద్దన్నారు, హారతి మాత్రం కళ్లకద్దుకున్నారు. వీటన్నిటికీ నా వంతు పులిహోర చేసి పట్టుకెళ్లాను.

అక్టోబర్ 13

కంట్రోల్ శాంపిల్స్ లెక్క మొదలుపెట్టాను. నా స్నేహితులవన్నీ మామూలే. నాదీ మామూలే.

అక్కది కాదు.

పాదరసం గీత తెర పైదాకా వెళ్లింది. శాంపిల్ డబ్బా తీసి, తుడిచి, మళ్లీ పెట్టాను. డిటెక్టర్‌ని ఖాళీగా నడిపి చూశాను. మళ్లీ పెట్టాను. అదే.

అక్టోబర్ 14

సార్ ఒక్క చూపులో తేల్చేశారు. ర్యాక్ మీది ఎర్ర మరక చూపించి, కుంకుమ అన్నారు. నాసిరకం కుంకుమలో పాదరసం కలుస్తుందట, అది డబ్బాకి అంటుకుని ఉంటుంది, ఆ శాంపిల్ తీసెయ్ అన్నారు. ల్యాబా గుడా ఇది అని నరేందర్ మీద అందరి ముందూ అరిచారు. నరేందర్ తల దించుకుని, నేను డబ్బాలు ముట్టలే సార్ అన్నాడు.

మీ అక్కకు చెప్పకు, ఖాయం కాని నంబరు రోగి చెవిన వేస్తే అది పుకారే అవుతుంది అన్నారు సార్. ఆ మాట న్యాయమే. అయినా ఇంటికెళ్లి అక్క పక్కన కూర్చుని అన్నం తినడం ఎంత కష్టమయిందో.

నిజం చెప్పాలంటే అది కుంకుమే కావాలని నాకుంది.

అక్టోబర్ 24

అదే పొట్లంలో కుంకుమ తెచ్చి రియాక్టర్‌లో పెట్టాను. పాదరసం లేదు. నరేందర్‌కి చెప్పాను. మా పోచమ్మ గుడి కాడ తెచ్చిన మేడం, దాని ఫికర్ నాకు లేకుండె అన్నాడు. నవ్వలేదు. మరి మీ అక్కకు యాడికెల్లి వచ్చింది అన్నాడు.

అక్టోబర్ 26

పాత శాంపిల్ పోయిందని అబద్ధమాడి అక్క జుట్టు మళ్లీ అడిగాను. దువ్వెన నిండా రాలింది చూపించి, కావలసినంత తీసుకో అంది. రాలింది పనికిరాదు, ఏది కుదురో ఏది కొసో తెలియాలి అన్నాను. ఈసారి ఎక్కడ తియ్యాలో చెప్పలేదు. తల వంచి కూర్చుంది. ఒక పాయ కుదుళ్ల దాకా కత్తిరించి, కుదురు వైపు దారం కట్టాను.

నవంబర్ 4

జుట్టు నెలకి దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కుదురు దగ్గరది ఈ నెల, కిందికి వెళ్లే కొద్దీ పాత నెలలు. పాయని స్కేలు మీద పరిచి, సెంటీమీటరుకో ముక్క చేసి, ముక్కకో డబ్బా పెట్టాను. చెయ్యి వణికితే జూన్ వెళ్లి మేలో పడుతుంది. ఫ్యాన్ ఆపేసి, ఊపిరి బిగబట్టి చేశాను. ఇంత భయంలోనూ ఈ పని నాకు బాగుంది. అందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

శాంపిల్స్ క్యూలో మా వంతు రావడానికి టైముంది. నరేందర్ షిఫ్టు మార్చుకుని వీటిని ముందే పెట్టించాడు. సార్‌కి చెప్పలేదు. ఆయనా అడగలేదు.

నవంబర్ 16

వచ్చింది.

కుదురు నుంచి పదో ముక్క దాకా పాదరసం నిండుగా ఉంది. ఆ తర్వాత గోడ మీంచి దూకినట్టు పడిపోయింది. అవతల శుభ్రంగా, నా జుట్టు లాగే ఉంది. బయట నుంచి కుంకుమ పడితే ఇలా నెలలు చూసుకుని పడదు. వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టాను. ఈ జనవరి.

ఈ జనవరిలో ఏమైంది? ఇద్దరం ఒకే బియ్యం తింటాం. లింగంపల్లి మార్కెట్లో తెచ్చే చేపలు ఇద్దరం తింటాం, నేనే ఎక్కువ తింటాను. ఒకే ట్యాంకర్ నీళ్లు. దాని ఒంట్లోకి వెళ్లి నా ఒంట్లోకి వెళ్లనిది ఏమిటి?

నవంబర్ 16, సాయంత్రం

గ్రాఫు అక్క ముందు పెట్టాను. ఏం వాడుతున్నావు, దాచకుండా చెప్పు అన్నాను. ఏమీ లేదంది. డాక్టరు గారికి చెప్పాను కదా అంది. నన్ను పరీక్ష ఎలకని చేశావా అని అరిచింది. నేనూ అరిచాను. నీ కిడ్నీ పోతుంటే నీ రోషం ఏం చేసుకోను అన్నాను.

అక్క లేచి వెళ్లి, బట్టల బీరువాలోంచి ఒక చిన్న తెల్ల డబ్బా తెచ్చి మంచం మీద పడేసింది. పేరు లేదు, చీటీ లేదు. మొహానికి రాసుకునే క్రీము. తెల్లబడతారట. తణుకులో పార్లర్ అమ్మాయి దగ్గర కొని అమ్మే పంపిస్తోందట, కొత్త సంవత్సరం నుంచి. ఉదయం, రాత్రి.

డాక్టరు గారు అడిగినప్పుడు చెప్పొచ్చు కదే అన్నాను. మందులు అడిగారు, క్రీము మందెలా అవుతుంది అంది. అది మూర్ఖత్వం కాదు. నేనైనా అలాగే చెప్పేదాన్ని.

నాకు చెప్పొచ్చు కదా అన్నాను. నువ్వు తెల్లగా నాన్న రంగు, నేను అమ్మ రంగు, నీకేం తెలుస్తుంది అంది. చిన్నప్పుడు మనిద్దర్నీ పక్కపక్కన చూసి పేరంటాళ్లు అమ్మని ఏం అడిగేవాళ్లో గుర్తుందా అంది. నాకు గుర్తు లేదు. వాళ్లు అడిగింది నా గురించి కాదు కదా. ఏడుపొచ్చింది. అక్కకంటే ముందు నేనే ఏడ్చాను.

నవంబర్ 18

క్రీము ఆవగింజంత తీసి పెట్టాం. డిటెక్టర్ లెక్కపెట్టలేక చేతులెత్తేసింది. దూరం జరిపి పెట్టాల్సి వచ్చింది. గిది మొఖానికి పెట్టుకుంటరా అని నరేందర్ రెండడుగులు వెనక్కి వేశాడు.

నవంబర్ 19

గ్రాఫు సార్‌కి చూపించాను. చూడగానే అక్క డాక్టరు గారికి తనే ఫోన్ చేసి అంతా వివరించారు. కింద కంట్రోల్ రూమ్‌కి వెళ్లి, అందరూ ఉండగానే, నరేందర్, నీ మీద ఊరికే నోరు పారేసుకున్నానయ్యా అన్నారు. గదేముంది సార్, జర చాయ్ తాగుండ్రి అన్నాడు నరేందర్.

డిసెంబర్ 6

రక్తంలోనూ పాదరసం తేలింది. గట్టి మందు వాయిదా. పాదరసాన్ని బయటికి పంపే మందు ఇచ్చారు. క్రీము మానడమే పెద్ద మందమ్మా, అయినా కిడ్నీ తేరుకుంటుందో లేదో చూడాలి అన్నారు డాక్టరు గారు.

డిసెంబర్ 14

గోపన్‌పల్లిలో మీటింగ్. అక్క పేరు చెప్పకుండా క్రీము సంగతి చెప్పాను. మీటింగ్ అయ్యాక భాగ్యమ్మ మనవరాలు కృష్ణప్రియ పక్కకి పిలిచి, బ్యాగులోంచి ఒక డబ్బా తీసి చేతిలో పెట్టింది. తర్వాత ఇంకో అమ్మాయి. తర్వాత ఒక పెళ్లికొడుకు. గిది మొగోళ్లు గూడ రాసుకుంటున్రా అని భాగ్యమ్మ నోరెళ్లబెట్టింది. మొహం ముడుచుకున్న కృష్ణప్రియను దగ్గరికి లాక్కుని, నువ్వు నా లెక్కనే ఉన్నవు, నాకేం తక్కువైంది అని గదమాయించింది.

ఏడాదిలో మొదటిసారి జనం తమంతట తాము వచ్చి, ఇది చూసి చెప్పు అని అడిగారు.

డిసెంబర్ 27

ప్రోటీన్ సగానికి తగ్గింది! సగం! రిపోర్ట్ పట్టుకుని హాస్పిటల్ మెట్ల మీద ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వాం. అక్క పాదాల్లో ఎముకలు మళ్లీ కనిపిస్తున్నాయి.

అక్క అమ్మతో మాత్రం మాట్లాడటం లేదు. నెల దాటింది. ఈ రోజు నేనే స్పీకర్ పెట్టి అమ్మకి క్రీము సంగతి చెప్పాను. అమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ముందు రాసుకుని చూశాకే పంపానే, నాకేం కాలేదు, అందుకే ధైర్యం చేశాను అంది. ఎన్నాళ్లు రాసుకున్నావు అన్నాను. ఒక నెల అంది. అక్క గదిలోంచి లేచి వెళ్లిపోయింది.

నీ జుట్టు కూడా పంపమ్మా, ఒకసారి చూస్తాను అన్నాను. నాకెందుకే అంది. పంపమన్నాను. ఎలా కత్తిరించాలో, దారం ఎటు కట్టాలో చెప్పాను.

జనవరి 17, 2026

అమ్మ జుట్టు లెక్క అయింది.

కుదురు నుంచి కొస దాకా ఉంది. శుభ్రంగా ఉన్న ముక్క ఒక్కటీ దొరకలేదు. అమ్మది నడుం దాటే జడ. కొస అంటే నేను ఎమ్మెస్సీలో చేరిన ఏడు, అమ్మ చెప్పిన ఒక్క నెల కాదు. అమ్మకి పరీక్షలన్నీ ఇప్పుడు చేయించాలి.

ఫోన్ చేశాను. ఎందుకమ్మా అని అడగబోయి, రేపు రైలెక్కి వచ్చెయ్ అన్నాను. ఏమే, ఏమైనా తేలిందా అంది. అక్క నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఏం లేదమ్మా, నిన్ను చూడాలనుంది అంది.